బూజులో చుట్టం

మస్తాన్‌బీకి అన్యాయం జరిగింది జూన్ పదో తారీకు, సోమవారం, పొద్దున టీ వేళకు కాస్త ముందు. చేసినవాడు నంజుండప్ప. ఇద్దరూ కుళ్ళాయమ్మ మేడం శిష్యులే. అనంతపురం ఊరి బయట ఆవిడ నడిపే బూజుల ల్యాబులో, పక్కపక్క బల్లల మీద, గాజు ప్లేట్లలో బూజులు పెంచేవాళ్ళు.

"నీ గలీజు బూజు నా ప్లేట్లలో పడింది!" అని అరిచాడు నంజుండప్ప, పదిమందీ వినేలా. "నా కష్టమంతా మట్టి చేసినావు."

మస్తాన్‌బీ చేతిలోని బూజు నాటే సూదిని మంటలో కాల్చింది. చల్లారనిచ్చింది. స్టాండులో పెట్టింది. అప్పుడు తలెత్తింది. బూజులతో కాపురం చేసేవాళ్ళకు కోపం వచ్చినా ముందు సూది కాల్చాలి, కోపం తర్వాత.

"నాదే పడిందని ఎట్ల తెలిసె అన్నా?"

"ఇంకెవరిది పడుతుంది? ఈ వరసలో విషం బూజు పెంచేది నువ్వొక్కదానివే కదా."

"పోలీసోళ్ళు కూడా కేసు ఇంత తొందరగా తేల్చరన్నా. కనీసం ఒక పూట కూర్చోబెట్టి టీ ఇస్తారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అదే తప్పయింది. నవ్వితే దిగే కోపం ఉంటుంది, నవ్వితే ఎక్కే కోపం ఉంటుంది. నంజుండప్పది రెండో రకం. అందరికంటే సీనియర్ అతనే. మేడం క్లాసులో ఉంది. ఇంకేం, ఇద్దరు జూనియర్లను పిలిచి మస్తాన్‌బీ బల్లను ఎత్తించి, వాడేసిన ప్లేట్లు ఉడకబెట్టే ఆవిరి గదిలో పడేయించాడు. అదొక ఇరుకు గది. కిటికీ లేదు. కుళ్ళిన జావ కాచినట్టు ఎప్పుడూ ఒకటే వాసన.

"నా బూజు పొలానికి పోయేదాకా నీ చోటు ఇదే," అన్నాడు.

మస్తాన్‌బీ తన ప్లేట్ల బుట్టను చంకన పెట్టుకుని, గుమ్మంలో ఆగి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"అన్నా, నీ బూజును బాగా శుద్ధి చేసినావంట కదా. నిన్ను కూడా ఎవరో శుద్ధి చేసినట్టుండారే! ముందు నీ నోట్లో ఇంత విషం లేదు."

అని లోపలికి పోయింది. ఆ మాట గుమ్మంలోనే నిలబడిపోయింది.

నంజుండప్ప అంత మంటకు కారణం ఉంది.

రెండేళ్ళ కిందట కుళ్ళాయమ్మ మేడం గోనిపెంట అనే పల్లెకు పోయింది. ఆ ఏడు అక్కడ అందరి శెనక్కాయలకూ బూజు పట్టి విషం చేరింది. ఆ విషం కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, తిన్న గొడ్డు కాలేయంలో కూర్చుంటుంది. ఊరంతా అట్లా ఉంటే వన్నూరప్ప అనే రైతు మడి ఒక్కటి బాగుంది. బూజు లేక కాదు. బూజు ఉంది. కానీ ఆ బూజు విషం చెయ్యడం లేదు.

మేడం ఆ బూజును ఒక సీసాలో వేసుకొచ్చి నంజుండప్ప చేతిలో పెట్టింది. దాన్ని పెంచి జొన్నగింజలకు పట్టించి పొలంలో చల్లితే, విషం బూజు వచ్చేసరికి చోటంతా ఈ సాధువు బూజే ఆక్రమించుకుని ఉంటుంది. వచ్చినది కూర్చోవడానికి జాగా లేక పోతుంది. అదీ ఆలోచన.

నంజుండప్ప ప్రాణం పెట్టి పెంచాడు. పని దొంగ కాదు, పాపం. ఆ ఒక్క మాట అతని పక్షాన చెప్పాలి. పక్క బల్ల మీద ఏం జరుగుతోందో రెండేళ్ళలో ఒకసారైనా తొంగి చూడనంత దీక్ష. అయితే బూజు తీరు అతనికి నచ్చలేదు. మెల్లగా పెరిగేది. రంగు వెలిసిపోయినట్టు ఉండేది. అంచులు కొరికేసినట్టు వంకర్లు.

ఎందుకిట్లా అని లోపలికి పోయి వెతికితే దొరికింది. బూజుకు వైరస్ ఉంది.

వైరస్ అనగానే మనకు మన జలుబూ మన జ్వరమూ గుర్తొస్తాయి, లోకంలో ముక్కులున్నది మనకేనన్నట్టు. బూజుకూ వైరస్ ఉంటుంది. బూజు దారాల లోపలే దాని కాపురం. గాలిలో ఎగరదు, నీళ్ళలో ఈదదు. ఒక దారం ఇంకో దారంతో కలిసిపోతే అటు నడుస్తుంది. బూజుకు పిల్ల గింజ పుడితే దానితోపాటు పోతుంది. గడప దాటి వీధిలోకి మాత్రం రాదు.

నంజుండప్పకు అది మురికిగా కనబడింది. తన బూజు ఒంట్లో ఇంకొకరెవరో మకాం పెట్టడమేమిటి? మందు కలిపిన ప్లేటులో పెంచాడు. దారం కొన చిదిమి కొత్త ప్లేటులో నాటాడు. మళ్ళీ మందు, మళ్ళీ కొన. చివరికి వైరస్ పోయింది. అప్పుడు చూడాలి బూజు వైభవం! పచ్చగా, దట్టంగా, అంచు గుండ్రంగా, మూకుడు నిండా పోసిన దోసెలాగా.

పట్టుకెళ్ళి మేడంకు చూపించాడు. "శుభ్రం చేసినా మేడం."

"బాగా పచ్చగుండాది," అంది ఆవిడ. "పాతది యాడ పెట్టినావు?"

"ఉడకబెట్టి పారేసినా మేడం. మురికిది మనకెందుకు?"

ఆవిడ వక్క నములుతూ అతని మొహం చూసింది. తన గదిలోకి పోయింది. కుళ్ళాయమ్మ మేడం సంగతే అంత. క్లాసులో గంట కొట్టినా మాట ఆపదు. క్లాసు దాటితే మాటకు రేషను.

పొలానికి పంపే ముందు చివరి పరీక్ష ఒకటి ఉంటుంది. కొబ్బరిపాలు పోసి గడ్డకట్టించిన ప్లేటులో బూజును పెంచి, చీకటి గదిలో నీలి దీపం కింద పెట్టాలి. విషం ఉంటే ప్లేటు వెన్నెల పడ్డట్టు మెరుస్తుంది. లేకపోతే మామూలుగా ఉంటుంది.

జూన్ పదో తారీకు పొద్దున నంజుండప్ప ప్లేట్లన్నీ మెరిశాయి. ఒక్కటంటే ఒక్కటి మిగలకుండా, పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లలాగా.

పచ్చదనం తన ఘనత. మెరుపు మాత్రం మస్తాన్‌బీ తప్పు. లెక్క తేలిపోయింది. ఇటువంటి లెక్కల్లో మన బుర్రలు ఎంత చురుకు!

మేడం టీ వేళకు వచ్చి, గ్లాసు అందుకుని, ఖాళీ చోటు చూసింది.

"ఈడుండే బల్ల యాడికి పోయింది?"

నంజుండప్ప చెప్పాడు. మెరుపు చెప్పాడు, నేరం చెప్పాడు, శిక్ష చెప్పాడు. ఆవిడ టీ తాగుతూ అంతా వింది.

"తీర్పు కూడా నువ్వే చెప్పేసినావు. సాక్షిని అడిగినావా?"

"ఎవర్ని మేడం?"

"బూజును."

నంజుండప్పకు అర్థం కాలేదు. ఆడవాళ్ళు ఆడవాళ్ళ పక్షమే కదా అనుకున్నాడు లోలోపల. ఇంతకాలమూ మగవాళ్ళు ఎవరి పక్షం ఉన్నారని ఆ లోపలి మనిషి అడగలేదు.

ఆవిడ గ్లాసు కింద పెట్టి, చేతులు కడుక్కుని, తన గదిలోకి పోయి ఒక చిన్న సీసా తెచ్చింది. సీసాలో వెలిసిపోయిన బూజు. గోనిపెంట నుంచి వచ్చిన మొదటి బూజే. శిష్యుడు ఉడకబెట్టి పారేసినా గురువు దగ్గర ఒకటి ఉంటుంది. లేకపోతే గురువెందుకు?

కొబ్బరిపాల ప్లేట్లు రెండు తీసుకుంది. ఒకదాంట్లో ఎడమవైపు నంజుండప్ప మెరిసే బూజు చిటికెడు, కుడివైపు ఆ పాత బూజు చిటికెడు పెట్టింది. రెండోదాంట్లో ఎడమవైపు మళ్ళీ నంజుండప్ప బూజే. కుడివైపు పెట్టేందుకు ఆవిరి గది దాకా నడిచిపోయి, మస్తాన్‌బీని అడిగి, ఆమె బూజు చిటికెడు తెచ్చింది. అడుగున పేర్లు రాసి రెండు ప్లేట్లూ నంజుండప్పకు ఇచ్చింది.

"రోజూ చూడు. సూది పెట్టొద్దు. మందు పెట్టొద్దు. నోరు అసలే పెట్టొద్దు."

ప్లేట్లు పెరుగుతుండగా ఒకరోజు వన్నూరప్ప వచ్చాడు, తువ్వాలులో నేరేడు పండ్లు మూటగట్టుకుని. గోనిపెంట బూజు తన మడిలోదే కాబట్టి ఆ ల్యాబుకు పిల్లనిచ్చిన మామ అతను. ఆ మర్యాద ఎక్కడా తగ్గనిచ్చేవాడు కాదు. ల్యాబులో వాళ్ళూ "మామా" అనే పిలిచేవాళ్ళు.

"ఏం సార్, మా పిల్ల ఎట్లుండాది? కడుపునిండా పెడతాండారా?"

"పెడతాండాం మామా," అన్నాడు నంజుండప్ప.

"శుభ్రం చేసినారంట కదా. మేలు! మాకాడ ఉన్నన్నాళ్ళూ ఎవరూ దాని మొహం కూడా కడగలా."

జూనియర్లు నేరేడు పండ్లు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నారు. నంజుండప్ప నవ్వలేదు.

"నెలాఖరుకు పక్క మళ్ళో కూడా విత్తనం వేస్తాండా సార్," అన్నాడు వన్నూరప్ప. "ఊడలు దిగే లోపల మా పిల్లను సాగనంపండి. కాయ మట్టిలో కట్టక ముందే పడాలంట కదా, మేడం చెప్పింది. పోయిన ఏడు ఆ మడి నేనే చేసుకుంటి, ఆడ మా పిల్ల లేదు. ఆ కాయలు గానుగాడించిన చెక్క పెడితే మా ఎర్రావు పాలు నిలిపేసింది. దూడ దక్కలా. ఈ తూరి అట్ల కారాదు."

"కాదు మామా."

"నువ్వుండావు కదా, నాకేం దిగులు!" అని భుజం తట్టి పోయాడు.

కొన్ని తట్టుళ్ళు దెబ్బకంటే గట్టిగా తగులుతాయి. మెరిసే బూజును పొలానికి పంపితే, ఊరి విషం చాలదని ఇంకా విషం చల్లినట్టు. పంపకపోతే ఈ ఏడు పంట పోయింది, మాట పోయింది. నంజుండప్ప ఆ రోజు నేరేడు పండ్లు ముట్టలేదు.

ప్లేట్లను రోజూ చూశాడు. మొదట రెండూ ఒకేలా ఉన్నాయి. అటొక చుక్క, ఇటొక చుక్క. చుక్కలు పెరిగి వృత్తాలయ్యాయి. వృత్తాలు దగ్గరికి జరిగాయి.

తర్వాత రెండు ప్లేట్లూ రెండు దారులు పట్టాయి.

రెండో ప్లేటులో, నంజుండప్ప బూజూ మస్తాన్‌బీ బూజూ ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. మధ్యలో సన్నటి ఖాళీ గీత. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల గోడలాగా నిటారుగా ఉంది. ఒకే జాతి బూజులే అయినా వంశం వేరైతే కలవవు. పక్కనే ఉంటాయి, ఒంట్లోకి మాత్రం రానివ్వవు.

నంజుండప్ప లెక్క వేసుకున్నాడు. తన ప్లేట్లలో మెరిసింది మస్తాన్‌బీ బూజే అయితే ఇక్కడ రెండువైపులా ఉన్నది ఒకటే బూజు. గీత ఉండకూడదు.

గీత ఉంది.

మొదటి ప్లేటు తీశాడు. మెరిసే బూజూ, మేడం సీసాలోని పాత బూజూ. గీత లేదు. ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలైందో తెలియడం లేదు. మైక్రోస్కోపు కింద పెట్టాడు. అటు దారం ఇటు దారంతో కలిసి ఒకే దారమై ఉంది. ఒకటి కాదు, రెండు కాదు, చూసిన చోటల్లా. ఏళ్ళ తర్వాత కలిసిన అక్కచెల్లెళ్ళు ఒకరి మెడలో ఒకరు చేతులు వేసుకున్నట్టు.

వేరే వంశం కాదు. అదే బూజు. గోనిపెంట నుంచి వచ్చినదే, తన చేతుల్లో పెరిగినదే, తను శుభ్రం చేసినదే. అదే మెరుస్తోంది.

ఎవరి బూజూ ఎవరి ప్లేటులోనూ పడలేదు.

నంజుండప్ప చాలాసేపు మైక్రోస్కోపు మీదనుంచి కన్ను తియ్యలేదు. తీస్తే ల్యాబు కనబడుతుంది. ల్యాబులో ఖాళీ చోటు కనబడుతుంది.

పనిమంతుడు కాబట్టి అక్కడితో ఆగలేదు. కలిసిన ప్లేటులో ఎడమ చివర, తన బూజు పాత బూజుకు దూరంగా పెరిగిన అంచు నుంచి, చిటికెడు తీసి కొత్త కొబ్బరిపాల ప్లేటులో నాటాడు. అది పెరిగాక లోపల వెతికితే వైరస్ ఉంది. కలిసిన దారాల గుండా నడుచుకుంటూ ఆ చివరి దాకా వచ్చేసింది. ప్లేటును చీకటి గదిలోకి పట్టుకెళ్ళి నీలి దీపం వేశాడు.

మెరుపు లేదు. మామూలు కొబ్బరిపాలలాగా ఉంది.

అంటే విషం చెయ్యని మంచితనం బూజుది కాదు. విషం చెయ్యడం దానికి మొదటినుంచీ వచ్చు. లోపల కూర్చున్న ఆ మురికి చుట్టమే ఇన్నాళ్ళూ పొయ్యి రాజుకోనియ్యలేదు.

నంజుండప్ప చీకటి గదిలోంచి పరుగెత్తాడు. మనిషన్నవాడు పరుగెత్తవలసింది ఆవిరి గదివైపు. ఇతను మేడం గదివైపు పరుగెత్తాడు.

"మేడం! వైరస్సే మేడం! విషాన్ని ఆపింది అదే! మనం ఇంకేం చూడాల్సిన పనిలేదు. జిల్లాలో ఉండే బూజులన్నిటికీ వైరస్ ఎక్కిద్దాం. మిరపకాయల బూజుకు, మొక్కజొన్న బూజుకు, అన్నిటికీ! వైరస్ దేవుడు మేడం!"

కుళ్ళాయమ్మ మేడం నవ్వింది. కళ్ళద్దాలు జారి దారానికి వేలాడేదాకా నవ్వింది.

"మొన్నటిదాకా అది మురికి. ఈ పొద్దు దేవుడు. నీ బస్సుకు నడిమధ్య స్టాపే లేదా నాయనా?"

నంజుండప్ప చేతిలో ఉన్న ప్లేటును మేడం బల్ల మీద పెట్టాడు.

"మస్తాన్‌బీ రెండేళ్ళుగా ఏం చేస్తాందో తెలుసా నీకు?"

"విషం బూజు పెంచుతాంది మేడం."

"అది నాకూ కనబడతాంది. ఎందుకు పెంచుతాంది?"

నంజుండప్ప తలుపులోంచి ఖాళీ చోటు వైపు చూశాడు. మూరెడు దూరంలో, పక్క బల్ల మీద, ఒకే ఫ్యాను గాలి పంచుకుంటూ కూర్చున్న మనిషి.

"పోయి అడుగు," అంది ఆవిడ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "నేను చెప్పను."

ఆవిరి గదిలో కుక్కరు బుసలు కొడుతోంది. మస్తాన్‌బీ చున్నీ నడుముకు చుట్టుకుని, మొహమంతా చెమటతో, ప్లేట్లకు పేర్లు రాసుకుంటోంది.

నంజుండప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

"మస్తాన్‌బీ."

"ఏమన్నా, ఈ తూరి ఎవరిది పడింది?"

"ఎవరిదీ పడలా. నాదే. నేనే చేసుకున్నా."

ఆమె రాయడం ఆపలేదు.

"తప్పయిపోయింది," అన్నాడు.

"ఈడ కుక్కరు చప్పుడుకు ఏమీ వినబడదన్నా. నన్ను తిట్టినప్పుడు అందరికీ బాగా వినబడింది. ఆడ చెప్పు. ముందు నా బల్ల సంగతి చూడు."

బల్లను తెచ్చేటప్పుడు ఇద్దరు జూనియర్లు మోశారు. తిరిగి మొయ్యడానికి వాళ్ళు ముందుకు వస్తే మస్తాన్‌బీ కళ్ళతోనే ఆపేసింది. నంజుండప్ప ఒక్కడే ఎత్తాడు. పాతకాలపు టేకు బల్ల. గుమ్మంలో ఇరుక్కుంది. అడ్డం తిప్పాడు, నిలువు తిప్పాడు, మోకాలు కొట్టుకున్నాడు. ఒకడు ఈల వేశాడు. "అన్నా, ఎడమకి! కాదు, నీ ఎడమకి!" అని ఇంకొకడు దారి చూపించాడు. ఉచిత సలహాలకు ఆ ల్యాబులో ఏనాడూ కరువు లేదు.

కుళ్ళాయమ్మ మేడం తన గదిలోంచి వచ్చింది. దారికి అడ్డంగా ఉన్న స్టూలును కాలితో పక్కకు జరిపి, మళ్ళీ లోపలికి పోయింది.

బల్ల తన చోటికి చేరింది. నంజుండప్ప ఒగరుస్తూ, పదిమందికీ వినబడేలా చెప్పాడు. "మస్తాన్‌బీ బూజు నా ప్లేట్లలో పడలేదు. తప్పు నాది. ఆ పొద్దు నేనన్న మాటలు ఒక్కటీ నిజం కాదు."

"ఒకటి నిజమేలే అన్నా," అంది మస్తాన్‌బీ, గుడ్డతో బల్ల తుడుచుకుంటూ. "నా బూజు గలీజుదే. కూర్చో, చూపిస్తా."

అట్లా నంజుండప్ప మొదటిసారి పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు.

మస్తాన్‌బీ ప్లేట్లు వరసగా పెట్టింది. మార్కెట్ యార్డులో తడిసిన మిరపకాయల మీద దొరికిన బూజు అది. దాని లోపలా ఒక వైరస్ ఉంది.

"నీదాంట్లో ఉండేది వేరే, నాదాంట్లో ఉండేది వేరే," అంది. "నా దానికి ఆ చుట్టం ఉన్నన్నాళ్ళూ విషం కుండలు కుండలుగా చేస్తాంది. చుట్టాన్ని పంపించేస్తే సగానికి సగం తగ్గుతాంది. మాంచి మందు పెట్టి పంపించినా, మళ్ళీ పిలిచి చూసినా, మళ్ళీ పంపించినా. ప్రతి తూరీ అంతే."

నంజుండప్ప ప్లేట్లను చూశాడు. ఆమె మొహం చూశాడు. మళ్ళీ ప్లేట్లను చూశాడు.

"నా దాంట్లో చుట్టం పొయ్యి ఆర్పింది," అన్నాడు మెల్లగా.

"నా దాంట్లో ఊదుగొట్టం పట్టుకుని కూర్చుంది."

"మరి మంచిదా, చెడ్డదా?"

"ఎవరిని అడుగుతాండావు అన్నా? చుట్టాన్నా, ఇంటిదాన్నా?"

నంజుండప్ప ఒక ప్లేటును పక్కకు జరిపాడు. తర్వాత ఉక్రోషంగా, చిన్నపిల్లాడిలాగా అడిగాడు. "నేను శుద్ధి చేసినానని తెలుసు కదా నీకు. ఇట్లా తిరగబడుతుందని ఒక మాట చెప్పకూడదా?"

"నా బూజును చూసినదాన్ని, శుద్ధి చేస్తే నీ దానికీ మంచే జరుగుతాదనుకుంటి. నీ దాని సంగతి నాకేం తెలుసు? నువ్వెప్పుడైనా చెప్పినావా? నా సంగతి నువ్వడిగినావా?" సూది తీసి మంటలో పెట్టింది. "నువ్వు నాకు చెవి ఇయ్యలా. బల్ల ఇచ్చినావు, అదీ ఆవిరి గదిలో."

జూనియర్లు పడీ పడీ నవ్వారు. ఈసారి నంజుండప్ప కూడా నవ్వాడు. నవ్వితే దిగే కోపం అతని దగ్గరా ఉందని ఆ రోజు తెలిసింది అందరికీ, ముఖ్యంగా అతనికి.

సాయంత్రం మేడం ఇంటికి పోతూ వాళ్ళ బల్లల దగ్గర ఆగింది. రెండు బల్లలూ ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. వైరస్ ఉన్న బూజును జొన్నల మీద ఎట్లా పెంచాలో ఇద్దరూ వాదించుకుంటున్నారు. నానబెట్టాలని నంజుండప్ప, ఉడకబెట్టాలని మస్తాన్‌బీ.

"మేడం," అన్నాడు నంజుండప్ప. "పాత బూజును నేను పారేసినాక మీ దగ్గర సీసా ఉందని అప్పుడే చెప్పొచ్చు కదా?"

"చెప్తే?"

"ఇంత దూరం వచ్చేది కాదు కదా మేడం."

"అవును," అంది ఆవిడ. "ఇంత దూరం వచ్చేవాడివి కాదు."

వక్కపొడి డబ్బా తీసి ఇద్దరి చేతుల్లోనూ చిటికెడు చొప్పున పోసి వెళ్ళిపోయింది.

జొన్నలను మస్తాన్‌బీ చెప్పినట్టు ఉడకబెట్టారు. నంజుండప్ప చెప్పినట్టు ఆరబెట్టారు. బూజు పట్టించారు. ప్రతి గంపలోంచీ గుప్పెడు తీసి ముందు వైరస్ ఉందా అని చూశారు, తర్వాత నీలి దీపం కింద పెట్టారు. ఏదీ మెరవలేదు. పచ్చదనం అంతంత మాత్రమే. చూడటానికి వెలిసిపోయి, మొహం కడగనట్టు, అచ్చం గోనిపెంట నుంచి వచ్చిన నాటిలాగే ఉంది.

సంచులు కట్టుకుని ముగ్గురూ జీపులో గోనిపెంటకు పోయారు. ముందురోజు వాన పడింది. వన్నూరప్ప చేసుకునే పక్క మడిలో శెనక్కాయ చెట్లు పూత రాల్చి ఊడలు దింపుతున్నాయి. సూదుల్లా సన్నగా, లేతగా ఉన్న ఊడలు అప్పుడప్పుడే మట్టిని వెతుక్కుంటున్నాయి.

వన్నూరప్ప సంచి మూతి విప్పి, గుప్పెడు జొన్నలు తీసి, అరచేతిలో పరిచి చూశాడు. వాసన చూశాడు. మొహం వెలిగిపోయింది.

"మా పిల్లే!" అన్నాడు. "రంగూ రూపూ ఏం మారలా. అవున్ సార్, ఇంత మంచిగా విషం లేకుండా చేసింది ఎవరు? మీరేనా?"

నంజుండప్ప నోరు తెరిచాడు. చేలో అవతల గట్టున మస్తాన్‌బీ చున్నీ నడుముకు బిగించి అప్పుడే ఒక సంచి భుజానికెత్తుకుంది. ఇవతల గట్టున కుళ్ళాయమ్మ మేడం చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, చినుకు పడుతుందేమోనని ఆకాశం చూస్తోంది.

అందులో తను చేసింది ఏదీ లేదు, చేసింది లోపలి చుట్టం. నంజుండప్ప వంగి, సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు నిండా జొన్నలు తీసుకుని సాలు వెంబడి చల్లుకుంటూ నడిచాడు.

గోనిపెంటలో బూజు చల్లింది ఆగస్టు రెండో తారీకు, శుక్రవారం.